చిల్కా ఒడ్డున రైలుదారి

మా ఇబ్రహీంపట్నమునకు సముద్రము లేదు, రైలును లేదు. గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేర వెలసిన యూరు మాది. కుతుబ్ షాహీల కాలమునాటి పెద్దచెఱువు మాకు కలదు. వానలు కురిసి చెఱువు నిండిన యేట కట్టమీద నిలిచి చూచినచో, సముద్రమనగా నింతకంటె నెక్కువ యేమి యుండునని మా పిల్లలు తలంతురు. చిన్ననాట నేనును అట్లే తలచితిని. మా తాతగారి యొద్ద భారత రామాయణములు చదువుకొనునపుడు వానిలోని సముద్రమంతయు నా మనస్సున మా చెఱువు కొలతకే యొదిగియుండెను.

ఇట్టి యూరినుండి మా అక్కను బరంపురమున కిచ్చిరి. బరంపురము నేటి ఒడిశాలో, గంజాం జిల్లాలో నున్నది. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒడిశా వేఱుపడువఱకు గంజాం మద్రాసు రాజధానిలోనిదే. అందుచేత నేటికిని అచ్చట తెలుగు మాటలాడు కుటుంబములు పెక్కు కలవు. బరంపురపు పట్టుచీరలు నేయు దేవాంగుల వీధులలో తెలుగు వినవచ్చును. మన దేశమునకు రాష్ట్రపతిగా నుండిన వరాహగిరి వేంకటగిరిగారు 1894లో జన్మించినదియు ఈ యూరనే. మా తండ్రిగారి సహపాఠి యొకరు అచ్చట స్థిరపడియుండిరి. వారి కుమారుడే మా బావగారు.

ఈ సంబంధము మా అమ్మకు మొదటినుండియు సమ్మతము కాదు. "ఆడపిల్లను తీసికొనిపోయి సముద్రపు టంచున పడవేయుదురా? కష్టము వచ్చిన నాడు దాని కేక మనకు వినబడునా?" అని ఆమె యడిగెను. మా తండ్రిగారు నవ్వి, "దూరము మైళ్ళలో లేదు. బండి యున్నదా లేదా యన్నదే దూరము. సాయంకాలము సికింద్రాబాదులో నెక్కినవాడు మఱునాటి మధ్యాహ్నమునకు దాని గుమ్మములో నుండును" అని చెప్పిరి. అమ్మ మాఱుపలుకలేదు; కాని సమ్మతింపనులేదు. పెండ్లియైన తరువాత అక్కయే రెండేండ్లకో మూడేండ్లకో వచ్చి పోవుచుండెను గాని, అమ్మ ఒక్కమాఱైనను బరంపురమునకు పోలేదు.

ఆమె భయమునకు కారణము లేకపోలేదు. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ అను తుపాను గోపాల్‌పూర్ దగ్గఱ తీరము దాటెను. గోపాల్‌పూర్‌నకును బరంపురమునకును నడుమ దూరము పదునైదు కిలోమీటర్లే. గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగమున వీచెను. ఆ దినము దుర్గాష్టమి. మా యూర స్త్రీలందఱును బతుకమ్మల నెత్తుకొని చెఱువునకు బయలుదేరుచుండిరి. మా అమ్మ పేర్చిన బతుకమ్మ నడవలోనే యుండెను. ఆమె ఫోను చేతబట్టుకొని గడపమీద కూర్చుండెను. అవతలనుండి పలుకు లేదు. బండ్లు నిలిపివేసిరని వార్త వచ్చెను. మూడవనాటి సాయంకాలము బావగారి గొంతు వినబడు వఱకు ఆమె అన్నము ముట్టలేదు. అందఱును క్షేమమే, పెరటిలోని కొబ్బరిచెట్లు మాత్రము పోయినవి.

1999వ సంవత్సరము అక్టోబరులో ఒడిశాను కొట్టిన పెనుతుపానులో సుమారు పదివేలమంది మరణించిరి. ఫైలిన్ నాటికి ప్రభుత్వమువారు ముందుగనే మేలుకొని, లక్షలకొలది జనమును తీరమునుండి తరలించి యుండుటచే ప్రాణనష్టము కొలది పదులకు మించలేదు. ఈ లెక్కలు నేను పత్రికలో చదివి అమ్మకు వినిపించితిని. ఆమె విని, "లెక్క మంచిదే. ఆ మూడు దినములు నాకు లెక్కలో రావు" అనెను.

మా తండ్రిగారు స్వర్గస్థులైన తరువాత ఆమె మనస్సు కొంత మెత్తబడెను. అక్క కూతురు రజస్వలయైనది. అమ్మమ్మ రావలెనని పిల్ల పట్టుపట్టెను. గడచిన సంక్రాంతి సెలవులలో, బడిపనినుండి మా యింటివారికి తీఱిక చిక్కినది. ముగ్గురమును బయలుదేరితిమి.

సముద్రతీరపు రైలుదారి యని వినినవారు బండి యెక్కినది మొదలు కిటికీలో సముద్రము కనబడునని యనుకొందురు. పటములో చూచినను ఈ దారి నీటియంచున పఱచిన నల్లని దారమువలె నుండును. నిజమట్లు కాదు. రాత్రి గోదావరి దాటునపుడు మా పెట్టెలోని స్త్రీలందఱును మేల్కొని నాణెములు నీట వేసిరి. తెల్లవాఱి విశాఖపట్టణము చేరితిమి. సముద్రపుటలలు కొట్టు పట్టణమే యైనను ప్లాటుఫారముమీదనుండి అల యొక్కటియు కానరాదు. అచ్చట ఇంజనును విప్పి బండికి రెండవ కొనను తగిలింతురు. వచ్చునపుడు ముందున్న పెట్టె పోవునపుడు వెనుకనగును. మా అమ్మ, "మరల ఇంటికి పోవుచున్నామా యేమి?" అని లేచి కూర్చుండెను.

విశాఖనుండి బరంపురము సుమారు 277 కిలోమీటర్లు. ఈ దారి పొడుగునను సముద్రము కుడిచేతి వైపున, తాటితోపుల కావల, దాగియే యుండును. ఇసుకనేలలును, నదీముఖములును, తుపానుల తాకిడియు గల యొడ్డున పట్టాలు వేయరాదు గదా! జీడిపప్పునకు పేరొందిన పలాస దాటిన తరువాత ఎడమవైపున మహేంద్రగిరి కనబడెను. పరశురాముడు తపస్సు చేసిన కొండ యని పురాణములలో చదివినది కన్నులార చూచి నమస్కరించితిని.

ఈ రైలుదారి విలాసమునకై వేసినది కాదని ఆ ప్రయాణములో మా యింటివారు చెప్పిరి. 1866లో ఒడిశాలో గొప్పకఱవు వచ్చెను. దేశములో ఇతరచోట్ల ధాన్యమున్నది. దానిని తెచ్చుటకు దారి లేదు. నేలమీద బాటలు లేవు. ఓడలలో బియ్యము పంపునప్పటికి వానకాలము వచ్చి, అలల యుద్ధతిచే ఓడలు తీరము చేరలేకపోయెను. సుమారు పదిలక్షలమంది, అనగా ఆనాటి జనములో మూడవవంతు, ఆకటికి మడిసిరి. ఊహింపుడు: అన్నము సముద్రముమీద కనుచూపుమేర నున్నది, ఒడ్డున తల్లులు బిడ్డల నెత్తుకొని యున్నారు, నడుమ నాలుగుమైళ్ళ నీరు. తరువాత 1880లో క్షామవిచారణ సంఘమువారు కఱవుల నెదుర్కొనుటకు రైలుదారులు పెంపొందింప వలెనని చెప్పిరి. విజయవాడ మొదలు కటకమువఱకు గల యీ తూర్పుతీరపు దారిని 1893 మొదలు 1896 వఱకు కట్టి తెఱచిరి. దానిని అనుదినము నడిచి పోవు బండిగా చూచు మనకు, అది యొకనాడు లేనందున నెంత నష్టము గలిగెనో తోచదు.

సంక్రాంతి మఱునాడు అక్కతో గూడ ఉదయపు ప్యాసింజరుబండిలో బాలుగాంవ్ బయలుదేరితిమి. మీలో నెవరైనను పోదలచినచో ఇట్టి చిన్నబండినే యెక్కుడు. వేగముగా పోవు బండ్లు రంభవంటి చిన్న స్టేషనులలో నిలువక, చూడదగినదానిని తటాలున దాటించివేయును. ఉత్తరమునకు పోవునపుడు కుడివైపు కిటికీ పట్టవలెను.

ఛత్రపురము దాటి, గంజాం దగ్గఱ ఋషికుల్యానది వంతెనమీద పోయితిమి. ఈ నది సముద్రములో గలియుచోట ఆలివ్ రిడ్లే యను తాబేళ్ళు లక్షలకొలది వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పిమ్మట హుమ్మా. ఇచ్చట ఉప్పుమళ్ళు కలవు. చదరపు గళ్ళుగా కట్టలు పోసిన మళ్ళలో నీరెండి తెల్లగా మెఱయుచుండగా, మోకాళ్ళవఱకు చీర లెగగట్టిన స్త్రీలు ఉప్పు గంపల కెత్తుచుండిరి. మన వంటయింటి ఉప్పుమఱిగె వెనుక ఎవరి పాదము లెంతసేపు ఎండలో నుండునో యని తోచెను.

తరువాతిది రంభ. అప్సరస పేరుగల స్టేషను! చిన్నది, రెండు వేపచెట్లు, ఒక నీళ్ళకుళాయి, నాలుగు బల్లలు. వెనుక వచ్చు పెద్దబండికి దారి యిచ్చుటకై మా బండి అచ్చట చాలసేపు నిలిచెను. పడమట తూర్పుకనుమల కొండలు పచ్చగా నున్నవి. తూర్పున, ఇండ్ల నడుమనుండి, వెండిరేకు పఱచినట్లు నీరు. అదియే చిల్కా సరస్సు. దానిలో ఖల్లికోట రాజు కట్టించిన చిన్న మేడ గల ద్వీపమున్నది; దొరలు దానికి ఉదయపు ఫలహారపు దీవి యని పేరు పెట్టిరి. ఈ రంభలోని రాజభవనముననే 1903లో ఒడియా ప్రజల నేకము చేయుటకు తొలి సంప్రతింపులు జరిగినవి. ఆ తలంపు ముప్పదిమూడేండ్లకు ఫలించెను.

రంభ విడిచిన పిదప ఖల్లికోట మీదుగా బాలుగాంవ్ వఱకు గల దారియే ఈ ప్రయాణమునకు సారము. కొండలు ఇచ్చట నీటి దాపునకు దిగివచ్చినవి. రైలునకు వేఱు చోటు లేదు. ఒకప్రక్క రాళ్ళను, ఒకప్రక్క నీటిని ఒరసికొనుచు పోవలెను. ఒక మలుపున పడవల తెరచాపలు, ఒక మలుపున వలల కొయ్యలు, వానిమీద రెక్కలార్చుకొను నీరుకాకులు. అంతలో కొండ యడ్డువచ్చి అంతయు మాయమగును. మఱల తెఱచునప్పటికి నీటిరంగే మాఱియుండును. సముద్రముకొఱకు నిన్నటినుండి వెదకుచున్న నా కన్నులకు ఇది సముద్రము కాదు. అయినను కఱవు తీఱెను.

చిల్కా మనదేశమున ఉప్పునీటి కయ్యలలో నెల్ల పెద్దది. పొడవు సుమారు అఱువదియైదు కిలోమీటర్లు; వానకాలమున వైశాల్యము 1,100 చదరపు కిలోమీటర్లకు మించును. దయ, భార్గవి మొదలగు ఏఱులు మంచినీటిని తెచ్చును. సముద్రము ఉప్పునీటిని పంపును. ఈ రెండును కలిసినచోటనే రొయ్యలు, పీతలు, చేపలు పుష్కలముగా పెరుగును. శీతకాలమున సైబీరియా మొదలగు చలిదేశములనుండి పక్షులు లక్షలకొలది వచ్చి నలబన యను దీవియందు విడిది చేయును. ఇరావతి జాతి డాల్ఫినులును ఇచ్చట నున్నవి. 1981లో లోకమంతట ముఖ్యమైన నీటినేలల పట్టికలో దీనిని చేర్చిరి.

అట్టి సరస్సు ఒకప్పుడు చచ్చునట్లయ్యెను. ఏఱులు తెచ్చిన ఒండ్రుమట్టియు, సముద్రము త్రోసిన యిసుకయు పేరుకొని, సరస్సునుండి సముద్రమునకు పోవు ముఖద్వారము పూడిపోవుచు వచ్చెను. ఉప్పుదనము తఱిగెను, కలుపు పెరిగెను, చేపలు తగ్గెను, వలలమీద బ్రతుకువారి యిండ్లలో పొయ్యి చల్లారెను. 1993లో ప్రమాదస్థితిలో నున్న సరస్సులలో దీనిని వ్రాసిరి. అంతట శాస్త్రజ్ఞులు ఆలోచించి, 2000వ సంవత్సరము సెప్టెంబరులో సిపాకుడా దగ్గఱ ఇసుకతిన్నెను కోసి క్రొత్త ముఖద్వారము తెఱచిరి. నీరు పోవు దారి సుమారు పదునెనిమిది కిలోమీటర్లు తగ్గెను. ఉప్పునీరు మఱల వచ్చెను. కొలది యేండ్లలోనే చేపల రాబడి ఎన్నో రెట్లు పెరిగెను. 2002లో ప్రమాదపట్టిక నుండి చిల్కా పేరు తీసివేసి, ఈ పనికి బహుమతియు నిచ్చిరి. ఔషధము వేయలేదు, మంత్రము చదువలేదు. మూసికొనిపోయిన దారిని తెఱచిరి, అంతే.

బాలుగాంవ్ సమీపించునపుడు అక్క నీటి నడుమ దూరమున నున్న ఒక గుట్టను చూపి, "అమ్మా, అదే కాళీజాయి" అనెను. ఆ కథను ఆమె చెప్పగా మేమందఱము వింటిమి. జాయి యను పిల్లకు సరస్సులోని పారికుడ దీవిలో నున్న వరునితో పెండ్లి జరిగినది. కాపురమునకు పంపుటకు తండ్రి ఆమెను పడవలో నెక్కించుకొని బయలుదేరెను. నడుమ గాలివాన పుట్టి, ఈ గుట్ట దాపున పడవ తలక్రిందులయ్యెను. తక్కినవారు ప్రాణములతో బయటపడిరి. పిల్ల మాత్రము కానరాలేదు. ఎంత వెదకినను దొరకలేదు. తండ్రి యేడ్చుచు పిలువగా, గుట్టమీదినుండి ఆమె గొంతు "నే నిచ్చటనే యున్నాను" అనినదట. నాటినుండి పడవవారు ఆమెను కాళీజాయి యని కొలుతురు. ఆమెకు మ్రొక్కక ఏ పడవయు నీటిలోనికి పోదు. మకరసంక్రాంతినాడు అచ్చట గొప్ప తిరునాళ్ళు జరుగును.

అమ్మ చాలసేపు పలుకక ఆ గుట్టవైపే చూచుచుండెను. తుదకు, "ఆ పిల్లకు తిరిగి వచ్చే దారి లేకపాయె గదే" అని మాత్రము అనెను.

రేవునకు పోయితిమి. పడవవాడు అందఱికిని లైఫ్ జాకెట్లు ఇచ్చెను. నీటిమీద పోవువారు సిగ్గుపడక, చీర నలుగునని వెనుదీయక, దానిని తప్పక తొడుగుకొనవలెను. అమ్మ మాత్రము పడవ యెక్కలేదు. తన సంచిలోనుండి పసుపు, కుంకుమ, ఒక డజను గాజులు తీసి అక్క చేతబెట్టి, "ఆ తల్లికిచ్చి రా" అనెను. హైదరాబాదులో ఆ గాజులు అక్కకొఱకు కొన్నవే. నే నడిగినచో, "దీనికి రేపు కొనవచ్చును, దుకాణమున్నది" అని బదులిచ్చెను. మేము గుడి చూచి తిరిగివచ్చువఱకు ఆమె ఒడ్డున తాటిమొద్దుమీద కూర్చుండి, చేపల గంపతో వచ్చిన యొక వృద్ధురాలితో, భాష తెలియకయే, ముచ్చటలాడుచుండెను.

తిరుగుబండిలో ప్రొద్దు క్రుంకుచుండెను. ఈమాఱు నీరు ఎడమవైపునకు వచ్చినది. రంభలో బండి నిలిచినపుడు, ప్లాటుఫారముమీద ఒక చిన్నది క్రొత్తచీరతో, పసుపుత్రాడుతో, బుట్టలు ముందిడుకొని కూర్చుండి యుండెను. ప్రక్కన తండ్రి కాబోలు, మాటిమాటికి లేచి పట్టాల వైపు తొంగిచూచుచుండెను. పండుగకు పుట్టింటికి వచ్చి అత్తవారింటికి పోవు పిల్ల. అమ్మ ఆ పిల్లను చూచి, ఆపై అక్కను చూచి, "మీ నాయన బండి చూసే నిన్నిచ్చినాడే. నాకే తెలియలేదు" అనెను. ఆయన బ్రతికియుండగా ఈ మాట అనలేదే యన్న బాధ ఆమె ముఖమున కనబడెను. అక్క ఆమె చేయి పట్టుకొనెను. బరంపురము వచ్చువఱకు ఎవ్వరమును మాటలాడలేదు.

ఆ రాత్రి భోజనములైన పిదప అమ్మ, "నేను ఉగాది దాక ఇక్కడనే ఉంటాను" అని చెప్పెను. మాలో తల్లి కూతురింట నెలలతరబడి యుండుట వాడుక కాదు. నలుగురును నవ్వుదురని వెఱపు. మా యింటివారును నేనును ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. అప్పుడు అక్క అత్తగారు, డెబ్బదియేండ్ల పెద్దముత్తైదువ, వక్కలు కత్తిరించుచున్న చేయి యాపి, "వదినగారూ, ఉగాదికి పచ్చడి మీ చేతిదే తినవలెనని నాకున్నది" అనెను. ఒక్క మాటతో ఆ యింటి తలుపు ఇంకొంచెము తెఱచుకొనెను.

సోదరీమణులారా, దారి వేయుట ఇంజనీర్ల పని. దానిని తెఱచియుంచుట మన పని. కోడలు పుట్టింటికి పోదునన్న నాడు టిక్కెట్టు వెల లెక్కించుచు కూర్చుండు అత్తగారును, కూతురింటికి పోవుట కభిమానమడ్డు పెట్టుకొను తల్లియు, తెలియకయే ఆ ముఖద్వారమున ఇసుక పోయుచున్నారు. ఇసుక ఒక్కనాట పేరుకొనదు. పిడికెడు పిడికెడుగా పడుచు, ఏ యేటికో నీరు నిలిచిపోయిన తరువాత గాని మనకు తెలియదు. మీ యింట నెవరైనను ఏండ్ల తరబడి పోవలెననుకొని పోకయున్న దారి యుండినచో, ఈ యెండకాలపు సెలవులకే బండి చూడుడు.

మఱునాడు మేమిద్దఱమే సికింద్రాబాదు బండి యెక్కితిమి. అమ్మ స్టేషనునకు వచ్చి, కిటికీలోనుండి పులిహోర పొట్లము అందించెను. పెండ్లియైన నాడు అక్కకు ఆమె ఇట్లే పొట్లము అందించి, కంట నీరు పెట్టుకొనినది నాకు జ్ఞాపకము వచ్చినది. ఈమాఱు ఆమె కన్నులు తడియలేదు. బండి కదలునపుడు, "చేరగానే ఫోను చేయి" అని మాత్రము చెప్పి, మనుమరాలి భుజముమీద చేయి వేసికొని వెనుదిరిగెను.